ఒక్క మిల్లీయాంపు కోసం

మంగళవారం రాత్రి, హన్మకొండ.

పొద్దున తొమ్మిదింటికే రూమ్ నుంచి బయటపడ్డాను. ల్యాబ్‌లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి: డబ్బాలో చపాట మిర్చి గింజలు, రెండు ఇత్తడి బిళ్లలు, వాటి మధ్య పెట్టే రెండు మిల్లీమీటర్ల గాజు పలక. ట్రాన్స్‌ఫార్మరే లేదు. గాజు అడ్డం పెట్టి బిళ్లల మధ్య సన్నని ఊదారంగు డిశ్చార్జి, అంటే గాలిలోంచి కరెంటు పారే మెరుపు, పుట్టించాలి. అందులో గింజల్ని కొన్ని నిమిషాలు ఉంచి, నీళ్లు ఎంత పీలుస్తున్నాయో, మొలకలో తేడా ఏమైనా వస్తుందో చూడాలి. పద్ధతి పాతదే. 1857లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఓజోన్ తయారీకి ఇట్లాంటి అమరికే చేశాడు. నాకు కావలసింది ఐదు వేల వోల్టులు. కరెంటు మాత్రం, ఎన్నిసార్లు లెక్క వేసినా, ఒక్క మిల్లీయాంపు కూడా పట్టదు.

ఈ రెండో సంగతే ఎవరికీ ఎక్కడం లేదు. ఐదు వేల వోల్టులు అనగానే మనిషంత ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడతారు. కంపెనీల నుంచి వచ్చిన కొటేషన్లు కూడా అంతే, ఒక్కటీ మా గ్రాంటుకు అందేలా లేదు.

మొదట చౌరస్తా దగ్గర బోర్డులు చేసే షాపుకు పోయాను. పాతకాలపు నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే సరిగ్గా సరిపోయేది. దాని ఇనుప కోర్‌లోనే అడ్డుకట్ట ఉంటుంది, అవుట్‌పుట్ షార్టయినా కరెంటు ముప్పై మిల్లీయాంపుల దగ్గరే ఆగిపోతుంది. "నియాన్ ఏడున్నదక్కా ఇప్పుడు, అంతా ఎల్ఈడీయే" అన్నాడు ఆ తమ్ముడు. టీవీలు బాగుచేసే ఆయన పాత టీవీల్లో హై వోల్టేజీ పుట్టించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసి ఇచ్చాడు. దాని లోపలే డయోడ్ ఉంటుంది, బయటికి వచ్చేది డీసీ. గాజు పలకను డీసీ దాటదు. మైక్రోవేవ్ ఓవెన్‌ది ఉందన్నాడు, వద్దన్నాను. రెండు వేల వోల్టులే అయినా అర ఆంపు దాకా ఇస్తుంది. చెయ్యి తగిలితే మనిషి మిగలడు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు షాక్ కొడితే కరెంటు లీకైతే సప్లై ఆపేసే గోడ మీది ఆర్‌సీసీబీకి తెలియదు, ట్రిప్ అవదు. ల్యాబ్‌కు వచ్చే జూనియర్లలో సగం మందికి ఈ విషయం తెలియదు. రేపు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి.

మధ్యాహ్నం పోచమ్మమైదాన్ వైపు మోటార్ వైండింగ్ షాపులో కూర్చున్నాను. షాపు ముందు కాలిపోయిన బావి మోటార్లు వరుసగా ఉన్నాయి, వార్నిష్ వాసన రోడ్డు దాకా వస్తోంది. కాక చేతిలో పని ఆపకుండానే విన్నాడు. తర్వాత 42 గేజ్ తీగ కొస ఒకటి తీసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నాడు. మిల్లీమీటర్‌లో పదో వంతు. ఊపిరి తగిలితే ఊగుతోంది.

"వోల్టుకు రెండున్నర సుట్లు ఏసుకో బిడ్డా. ఎన్నయితయి?"

"12,500 కాకా."

"సుట్టుడు పెద్ద పని గాదు. పొరకూ పొరకూ నడ్మ గాలి ఉంటది సూడు, అదే కాలవెడ్తది."

నేను రెండు వారాలుగా చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. కాగితం పొరల మధ్య చిన్న గాలి బుడగ మిగిలితే చాలు, ముందు అక్కడే డిశ్చార్జి మొదలవుతుంది. రోజూ కొంచెం కొంచెంగా తీగ మీది ఎనామెల్ పూతను తినేస్తుంది. గాలంతా లాగేసి వార్నిష్ పట్టించాలంటే వాక్యూమ్ ట్యాంకు కావాలి. అది తన దగ్గర లేదని, చేతగాని పనికి డబ్బులు తీసుకోనని నిక్కచ్చిగా చెప్పాడు. చాలా గౌరవం కలిగింది.

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "మిల్లులల్ల పీటీ ఉంటది గదా. ఉల్టా పెట్టరాదు?"

నాకు తట్టనే లేదు! పదకొండు వేల వోల్టుల లైన్‌ను మీటర్ కోసం నూట పది వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అది. మీటర్‌కు ఎంత కరెంటు కావాలి గనక? పవర్ తక్కువ, ఇన్సులేషన్ గట్టిది. తిరగేస్తే వోల్టేజీని వంద రెట్లు పెంచుతుంది. యాభై వోల్టులు ఇస్తే ఐదు వేలు.

అక్కడ నిలబడే జమ్మికుంట మామకు ఫోన్ చేశాను. వాళ్ల రైస్ మిల్లులో హెచ్‌టీ (హై టెన్షన్) ప్యానెల్ మార్చినప్పుడు తీసిన పీటీలు గోదాములోనే పడి ఉన్నాయట. సాయంత్రం నేమ్‌ప్లేట్ ఫోటో పంపాడు. దుమ్ము తుడిచిన వేలి గుర్తులు కూడా పడ్డాయి అందులో. పదకొండు వేలు బై రూట్ మూడు, కింద నూట పది బై రూట్ మూడు, 100 వీఏ. అంటే కింది వైపు అరవై మూడున్నర వోల్టుల దాకా తట్టుకుంటుంది, నా యాభైకి ఢోకా లేదు.

షార్టయితే మాత్రం నియాన్ దానిలా ఇది తనంతట ఆగదు. అందుకే వోల్టేజీని పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్ ముందు వంద వాట్ల సిరీస్ బల్బు పెట్టాలి. కాక షాపులో ప్రతి మోటార్‌నూ ముందు ఆ బల్బుతోనే చూస్తారు. హెచ్‌టీ వైపు న్యూట్రల్ కొసను ఎర్త్ చేయాలి. డిమ్మర్‌స్టాట్‌ను సున్నా నుంచి మెల్లగా తిప్పాలి. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు స్విచ్ వేయకూడదు.

మామకు మళ్లీ ఫోన్ చేసి పీటీ పైనున్న రెజిన్ పోత మీద పగుళ్లు ఏమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూడమన్నాను. "ఒక మూలకు గీత లెక్క కనవడ్తుంది, పగులో గీతో తెలుస్తలేదు" అన్నాడు. ఎలక్ట్రికల్ వాళ్లను ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ అడిగి పెట్టాను. ఆదివారం పొద్దున బస్సుకు జమ్మికుంట పోతున్నా.