ఉప్పుగాలి ఊళ్ళో కారు బీడింగులు మార్చుకోవడం: నా అనుభవం

ఒడిశాలోని మా బరంపురంలో కారున్న వాళ్ళందరికీ ఉప్పుగాలి పరిచయమే. గోపాలపూర్ సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉంది. గాలి మోసుకొచ్చే ఉప్పుతేమ బయటికి కనిపించే రేకును పెద్దగా ఏమీ చేయదు, ఎందుకంటే వాన పడినప్పుడో బండి కడిగినప్పుడో అది కొట్టుకుపోతుంది. నీళ్ళు చేరి ఆరకుండా ఉండిపోయే సందుల్లో మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. డోర్లకు అడ్డంగా అతికించి ఉండే ప్లాస్టిక్ బీడింగ్ వెనక భాగం అలాంటి సందే. మా కారుకు ఎడమవైపు వెనక డోరు బీడింగ్ ఒక చివర పైకి లేచి, గోరు దూరేంత ఎడం ఇచ్చింది. కిటికీ అద్దానికి బయటివైపు ఉండే నల్ల రబ్బరు పట్టీ కూడా ఎండకు గట్టిపడి పగుళ్ళు వేసింది. ఒక షెడ్డులో చూపిస్తే, లేచిన చోట గమ్ పెట్టి నొక్కేస్తామని, అది ఇష్టం లేకపోతే ఆ వైపంతా టింకరింగ్ చేయించి రంగు వేయించుకోమని చెప్పారు. రెండింటికీ నా మనసు ఒప్పుకోలేదు. వెనక ఏముందో చూడకుండా పైన నొక్కేస్తే, తుప్పును లోపల పెట్టి మూత వేసినట్టే అవుతుంది.

గమ్ విషయంలో నా అభ్యంతరానికి కారణం ఉంది. ఎండలో ప్లాస్టిక్ సాగే తీరు వేరు, ఉక్కు రేకు సాగే తీరు వేరు. అదే వేడికి ప్లాస్టిక్ ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. బిరుసుగా గట్టిపడే ఇన్‌స్టంట్ గమ్ ఆ కదలికను తట్టుకోలేక పగిలిపోతుంది. కొందరు సిలికాన్ సీలెంట్ పూస్తారు, కానీ పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది కాబట్టి, గీతలు పడి ఇనుము బయటపడిన చోట అది తుప్పుకు దారి ఇస్తుంది. కంపెనీలో బీడింగులను అతికించేది యాక్రిలిక్ ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపుతో. ఆ టేపును చూపించినప్పుడు మా మేనల్లుడు, "మావయ్యా, ఇంత మెత్తటిది ఇనుప రేకును పట్టుకుంటుందంటావా?" అని అడిగాడు. ఆ మెత్తదనమే దాని బలమని, రేకు ఒకలా ప్లాస్టిక్ ఒకలా సాగినా రెండింటి మధ్య అది తాను సాగి ఇస్తుందని వాడికి చెప్పాను.

టాటా బెంజ్ కూడలి దగ్గర స్పేర్ పార్టుల దుకాణాల్లో రెండు రకాల బీడింగులు చూశాను. చవకైన దాన్ని పాత బీడింగ్ ఫొటో పక్కన పెట్టి చూస్తే చివరి వంపు కలవలేదు, వెనక టేపు కూడా పలచగా ఉంది. పార్ట్ నంబరు చెప్పి తెప్పించుకున్నదే తీసుకున్నాను. ముందు డోరుకు, వెనక డోరుకు, కుడికి, ఎడమకు నంబర్లు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, కొనేముందు ఏ డోరుదో గట్టిగా చెప్పడం అవసరం.

ఎప్పుడు చేయాలన్నది కూడా ఇక్కడ ఆలోచించవలసిన విషయమే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటినుంచి దసరా రోజుల్లో ఆరుబయట పని పెట్టుకోవాలంటే మా వీధిలో ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆకాశం చూస్తారు. ఈ రకం టేపులు 21 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా అతుక్కుంటాయని తయారీదారులు చెబుతారు. మా ఊరి ఎండలో నిలబెట్టిన కారు రేకు ఆ హద్దును చాలా తేలిగ్గా దాటుతుంది, చలికాలం తెల్లవారుజామున మంచు పట్టిన రేకు దానికి దిగువన ఉంటుంది. అందుకని తుపాన్ల కాలం గడిచాక, మంచు ఆరిన తరువాత, పోర్టికో నీడలో పని మొదలుపెట్టాను.

పాత బీడింగ్ తీసేముందు దాని పై అంచు వెంబడి మాస్కింగ్ టేపు అతికించి, రెండు చివరలూ ఎక్కడికి వస్తున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఈ గుర్తు లేకపోతే కొత్తది ఎక్కడ పెట్టాలో కంటితో తేల్చుకోవడం కష్టం; ముందు డోరు బీడింగ్‌తో గీత కొంచెం తేడా వచ్చినా దూరం నుంచే కనిపిస్తుంది. ఆ తరువాత హెయిర్ డ్రయ్యర్‌ను ఒకేచోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ వేడి చేశాను. రేకు మీద చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు, అంతకు మించితే రంగుకు ప్రమాదం. బీడింగ్ వెనకనుంచి గేలానికి కట్టే నైలాన్ దారాన్ని దూర్చి, రెండు చేతులతో రంపం కోసినట్టు లాగుతూ పోతే ఫోమ్ మధ్యలోకి తెగి, బీడింగ్ దానంతట అదే చేతిలోకి వచ్చింది. స్క్రూడ్రైవరుతో ఎత్తితే పని తొందరగా అవుతుంది కానీ, అది గీసిన ప్రతి గీతా రేపటి తుప్పే. రేకు మీద మిగిలిన జిగురును కొంత బొటనవేలితో ఉండలుగా చుట్టి తీశాను, మిగిలినదాన్ని టర్పెంటైన్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాను. పెయింట్ థిన్నరు జోలికి పోలేదు. ఒకసారి మళ్ళీ రంగు వేయించిన డోరైతే థిన్నరు ఆ రంగునే కరిగిస్తుంది.

నేను వెతుకుతున్నది అప్పుడు కనిపించింది. బీడింగ్ కింది అంచు ఉన్న గీత వెంబడి, చక్రం వైపు చివర, రంగు కింద చిన్నచిన్న పొక్కులు ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకితే రంగు పొర లేచి, కింద ఎర్రటి పొడి రాలింది. ఫోమ్ విడిపోయిన సందులో ఇసుక, ఉప్పు చేరి, తేమ పట్టి ఉంచడం వల్ల జరిగిన పని ఇది. అదృష్టవశాత్తూ రేకు తినేయలేదు, పైపైనే ఉంది. చుట్టూ మాస్కింగ్ చేసి, ముందు గరుకు ఎమరీ పేపరుతోనూ తరువాత నున్నటి దానితోనూ, మెరిసే ఇనుము కనిపించే దాకా, చుట్టూ ఉన్న రంగు అంచు వేలికి తగలకుండా కలిసిపోయే దాకా రుద్దాను. ఎంత రుద్దినా సన్నటి గుంటల అడుగున నల్లటి చుక్కలు మిగిలాయి. వాటికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరును, అంటే మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవాన్ని, సన్నటి బ్రష్షుతో పెట్టి, ఆరాక ప్రైమరు, దాని మీద కారుకు కంపెనీ వేసిన వివరాల ప్లేటు మీద ఉన్న రంగు కోడు ప్రకారం కలిపించిన రంగు పలచటి పూతలుగా వేశాను. ఎలాగూ బీడింగ్ కిందికి పోయే చోటే కదా, లప్పం పెట్టి సరిపెట్టవచ్చు కదా అని షెడ్డులో అంటారు. నా అభిప్రాయంలో కనిపించని చోటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే మళ్ళీ అది బయటపడేది బీడింగ్ ఊడినప్పుడే. కొత్త రంగులోని ద్రావకం పూర్తిగా పోకముందే టేపు అతికిస్తే రంగు పొరే లేచి వస్తుంది కాబట్టి, డబ్బా మీద రాసిన గడువు కంటే ఎక్కువ రోజులే ఆగాను.

అతికించే రోజున షాంపూతో కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలును సగం నీళ్ళతో కలిపి ఆ భాగమంతా ఒకే దిశలో తుడిచాను. దాని తరువాత రేకును చేత్తో ముట్టుకోకూడదు. వేలి నూనె పడినా చాలు, అక్కడ టేపు పట్టదు. బీడింగ్‌ను ముందు దాని వెనక టేపు మీది కాగితం తీయకుండానే గుర్తుల మీద పెట్టి సరిచూసుకుని, రెండు చివరలా కొద్దికొద్దిగా కాగితం ఒలిచి బయటికి మడిచి, గీతకు ఆనించి, ఆ తరువాత మేనల్లుడు కాగితం లాగుతుంటే నేను వెంట వెంట అదుముతూ పోయాను. బీడింగ్‌ను సాగదీసి పెట్టకూడదు. సాగదీస్తే అది మళ్ళీ తన పొడవుకు ముడుచుకునే ప్రయత్నంలో చివరలను లేపేస్తుంది. ఈ టేపుకు బరువైన ఒత్తిడి కావాలి కాబట్టి, గుడ్డ చుట్టిన చిన్న రోలరుతో అంగుళం కూడా వదలకుండా గట్టిగా నొక్కాను. మామూలు వేడిలో ఇలాంటి టేపు 20 నిమిషాల్లో సగం బలం, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తి బలం అందుకుంటుంది. ఆ మూడు రోజులూ కారును కడగలేదు, ఎండలో పెట్టలేదు.

అద్దం రబ్బరు పట్టీ పని దీనితో పోలిస్తే తేలిక. అద్దం పూర్తిగా దించి, డోరు తెరిచి, లాక్ వైపు అంచున ఉన్న స్క్రూ విప్పి, రంగు మీద మాస్కింగ్ టేపు వేసి, ప్లాస్టిక్ చీలికతో వెనక చివరనుంచి పైకి ఎత్తుకుంటూ వస్తే పట్టీ వచ్చేసింది. కొత్తదాన్ని రేకు అంచు మీద కూర్చోబెట్టి అరచేతితో కొడుతూ దింపాను. అద్దాన్ని ఎత్తి దించి, పట్టీ పెదవి ఎక్కడా లోపలికి మడత పడలేదని చూసుకున్నాను. రబ్బరు మెత్తగా ఉండాలని ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్ళను చూశాను. ఈ భాగాల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బిపోతుంది, దానికి సిలికాన్ స్ప్రేయే సరైనది.

చివరగా డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలను చూశాను. అద్దం పక్కనుంచి దిగే వాన నీరు బయటికి పోవలసింది వాటినుంచే, పాత పట్టీ పాడై ఉన్నన్నాళ్ళూ లోపలికి దిగిన ఇసుక వాటిలో ఒకదాన్ని పూర్తిగా మూసేసింది. మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో కెలికి, మగ్గుతో పైనుంచి నీళ్ళు పోస్తే మొదట బురద, తరువాత తేటనీరు కిందికి వచ్చింది. మిగతా మూడు డోర్లకూ అదే రోజు అలాగే చేశాను.