బాపు ఈసీజీ పంపడానికి నేను పడ్డ తిప్పలు

మా బాపుకు (నాన్నకు) పోయినేడు హైదరాబాద్‌లో గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి చెకప్ కోసం ప్రతిసారీ బస్సెక్కించి తీసుకుపోవడం ఆయన వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకే ఈసారి వీడియో కాల్‌లో డాక్టర్‌కు చూపించాం. నిన్ననే అయింది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

యాప్ వేసుకోవడం, టైం బుక్ చేయడం, ఫోన్‌పేలో ఫీజు కట్టడం చిటికెలో అయిపోయాయి. ఈసీజీ దగ్గర ఇరుక్కున్నాం.

మాకు దగ్గర్లో ఉన్న ల్యాబ్‌లో పాత సింగిల్ ఛానల్ మిషన్ ఉంది. పన్నెండు లీడ్లూ, అంటే గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతలు, ఒకదాని తర్వాత ఒకటి సన్నటి పట్టీ మీద వస్తాయి. విప్పితే మంచం ఈ కొస నుంచి ఆ కొసకు తోరణంలా పరుచుకుంది. ముక్కలుగా ఫోటోలు తీసి పంపితే ఆస్పత్రి డెస్క్ నుంచి ఫోన్: "మొత్తం ఒకే పేజీలో పంపండి." ఇది పేజీ కాదమ్మా, పట్టీ అంటే వినదు. దూరం నుంచి తీస్తే గీతలు కనబడవు, దగ్గర నుంచి తీస్తే సగమే పడుతుంది. ఫ్యాన్ వేస్తే కాగితం చుట్టుకుపోతుంది, ఆపితే చెమటలు. చివరికి ఆ అమ్మాయి, "ఇంట్లో చదువుకున్నోళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి" అన్నది. స్పీకర్ ఆన్‌లో ఉంది. బాపు విన్నాడు, పరామర్శకు వచ్చిన మా మేనమామ విన్నాడు. నేను హైస్కూల్లో లెక్కల సార్‌ను. నా దగ్గర టెన్త్ చదివిన పిల్లలు ఇప్పుడు డాక్టర్లుగా ఉన్నారు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, కానీ అవసరం మనది. ఇంతలో టైం దాటింది. "మీరు హాజరు కాలేదు" అని మెసేజ్, ఫీజు గోవిందా.

మళ్లీ ఫీజు కట్టి, ఈసారి కత్తెర పట్టాను. లీడ్ పేర్లు చూసుకుంటూ పట్టీని కత్తిరించి ఏ-4 కాగితం మీద వరుసగా పేర్చాను: ఎడమ పక్క ఒకటి, రెండు, మూడు, ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్, కుడి పక్క వీ1 నుంచి వీ6. స్టాప్లర్‌తో కుట్టాను. టేపు మాత్రం అంటించకండి, ఈసీజీ కాగితం మీద గీతలు వెలిసిపోతాయి. ఆ ఫోటోకు డెస్క్ నోరు మూసుకుంది.

డాక్టర్ మాత్రం బంగారం. కాగితం చూసి "ఇది ఎవరు పేర్చారు?" అని నవ్వాడు. బాపు "మా పిలగాడు, లెక్కల సారు" అన్నాడు, కొంచెం గట్టిగానే. బాపు కాలి ఎముక మీద నన్ను బొటనవేలితో నొక్కి పట్టమని, వదిలాక గుంట పడిందా అని కెమెరాలో చూశాడు. పడలేదు, అంటే నీరు చేరలేదు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో పెట్టించి బీపీ చూడమన్నాడు. చూసే ముందు అరగంట చాయ్ బంద్. ఊళ్లో ఒకాయన "ఎన్నాళ్లు మింగుతవ్" అని రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర ఆపమన్నాడని బాపు చెప్పేసరికి డాక్టర్ గొంతు మారింది. తనను అడగకుండా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుందన్నాడు. ఊరి సలహాదారులారా, మీకో దండం.

ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే మాత్రం వీడియో పెట్టుకుని కూర్చోకండి, 108 చేయండి. మామూలు బీపీ, షుగర్‌కు ఆన్‌లైన్‌లో డాక్టర్‌కు చూపించుకునే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉంది, ఉచితం. ప్రైవేటులో చూపిస్తే చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి, ఫీజుకు రసీదు అడగండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్, వీడియో వైద్యం) నిబంధనల్లో ఈ రెండూ ఉన్నాయి. రసీదు అడిగితే డెస్క్ అమ్మాయి గొణిగింది, అయినా పంపింది. మొదటిసారి పోయిన ఫీజు వాపసు కోసం అదే రసీదు జతచేసి ఈ పొద్దున మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.