ఎస్-1 రైలు దారిలో మార్లీన్ డీట్రిచ్

బెర్లిన్‌లో ఎస్-1 లోకల్ రైలు ఎక్కితే చాలు. జర్మన్ నటి, గాయని మార్లీన్ డీట్రిచ్ పుట్టిన ఇల్లు, పాడిన హాలు, సమాధి, ఆమె పేరు పెట్టిన కూడలి అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. ఆమె గొంతంటే నాకు ప్రాణం. అందుకే ఒక రోజంతా దీనికే పెట్టుకున్నాను.

ముందు యూలియస్ లేబర్ వంతెన స్టేషన్లో దిగి షోనెబెర్గ్ పేటలోకి నడిచాను. లేబర్ వీధి, 65వ నంబరు. 1901 డిసెంబర్ 27న ఒక పోలీసు అధికారి కూతురుగా ఆమె పుట్టింది ఇక్కడే. ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇల్లు కాబట్టి గోడకున్న ఫలకం చదువుకుని వచ్చేయాలి. అప్పట్లో ఆ వీధి పేరు వేరు. నాజీలను ఎదిరించి 1945లో ఉరికంబం ఎక్కిన యూలియస్ లేబర్ పేరు తర్వాత పెట్టారు. ఈ ఇంటికి అంతకన్నా తగిన చిరునామా ఉండదేమో!

ఎందుకంటే ఆమె చేసిందీ ఎదిరింపే. 1930లో 'బ్లూ ఏంజెల్' సినిమా తొలి ప్రదర్శన జరిగిన రాత్రే అమెరికా బయల్దేరింది. హాలీవుడ్‌లో పెద్ద తార అయ్యాక, వెనక్కి రమ్మని నాజీలు ఎంత ఆశపెట్టినా రాలేదు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకుంది. యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీల్లో సైనికుల మధ్యకు వెళ్లి పాడింది. జర్మన్ సైనికులు పాడుకునే 'లిలీ మార్లీన్'ని అమెరికన్ సైనికులకు వినిపించింది. నటిగా ఆమె గొప్పదే, కానీ నా లెక్కలో ఆమె అసలైన వేదిక ఆ యుద్ధరంగమే.

శత్రువుల పక్షాన పాడిందన్న కోపం ఆమె సొంత దేశంలో చాలాకాలం చల్లారలేదు. ఫాయర్‌బాఖ్ వీధి స్టేషన్ దగ్గర్లో టిటానియా పలాస్ట్ ఉంది, ఇప్పుడది సినిమా హాలు. 1960 మేలో ఆమె అక్కడ పాడింది. బయట 'మార్లీన్, వెళ్లిపో' అని అట్టలు పట్టుకుని నిలబడ్డారు, లోపల మాత్రం చప్పట్లు ఆగలేదు. అదే పర్యటనలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒకమ్మాయి ఆమె ముఖం మీద ఉమ్మింది. ఇది తలచుకుంటూ టికెట్ కౌంటర్ ముందు నిలబడితే నాకు కళ్లు చెమర్చాయి.

అయినా చివరికి వచ్చింది ఈ ఊరికే. 1992 మే 6న పారిస్‌లో కన్నుమూస్తే, ఫ్రీడెనావ్‌లో అమ్మ సమాధి ఉన్న శ్మశానంలోనే ఆమెనూ ఖననం చేశారు. ఫ్రీడెనావ్ స్టేషన్ నుంచి కాస్త దూరం నడవాలి. రాయి మీద పేరు 'మార్లీన్' అని మాత్రమే, ఇంటిపేరు లేదు. ఫోటోగ్రాఫర్ హెల్ముట్ న్యూటన్ సమాధి కూడా ఇక్కడే.

పుట్టిన పేటలో ఒక వీధికి ఆమె పేరు పెడదామంటే అక్కడివాళ్లే ఒప్పుకోలేదు. 1997లో పోట్స్‌డామర్ ప్లాట్జ్ దగ్గరి కూడలికి పెట్టారు. 2002లో, పోయిన పదేళ్లకు, బెర్లిన్ గౌరవ పౌరసత్వం ఇచ్చారు. ఇంత ఆలస్యం ఎందుకని అడగాలనిపిస్తుంది.

బెర్లిన్ వెళ్లేవాళ్లు గోడ ముక్కలు చూశాక ఒక పూట ఈ దారిన కూడా వెళ్లండి. ముందు లేబర్ వీధి, తర్వాత టిటానియా, ఆ పైన ఫ్రీడెనావ్. కూడలిని సాయంత్రానికి ఉంచుకోండి. రైల్లో ఆమె పాటలు వింటూ వెళ్లండి.