ఎసరు పోసిన బిస్కెట్లు

మా ఇంట్లో పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఎవరూ ఎవరి మొహం చూసుకోరు. ఏడుంబావుకి చిన్నోడి స్కూల్ బస్సు గేటు ముందు హారన్ కొడుతుంది. పెద్దమ్మాయికి ఇంటర్ కాలేజీ. నేను దేవరకద్ర వైపు ఒక ఊళ్లో టీచర్‌ని. మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో ఏడు నలభై బస్సు తప్పిపోతే ప్రార్థన వేళకి అందుకోలేను. మా ఆయనకి ఆఫీసు పదింటికి, కాబట్టి ఆయన సంగతి వదిలేయండి. నాష్టా చేసేదాన్నే గానీ తినేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఉప్మా ప్లేట్లలో ఆరిపోయేది. పిల్లలు నిలబడే నాలుగు మైదా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని పరుగెత్తేవాళ్లు. బస్సెక్కి నేను చేసేదీ అదే, చాయ్ ఒక్కటే తక్కువ.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మా బడిలో చార్టు రాయించింది నేనే. 100 గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని రాయించి, కింద ఎర్ర స్కెచ్‌తో గీత కూడా గీయించాను. ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, మీరు పొద్దున ఏం తింటరు?" అంది. జొన్నరొట్టె అని చెప్పాను. బ్యాగులో బిస్కెట్ ప్యాకెట్ ఉంది.

ఆ అబద్ధం చాలా రోజులు గుచ్చుకుంది. పొద్దున రొట్టెలు కొట్టే టైము ఎలాగూ లేదు, పిల్లలు బిస్కెట్లు మానరు. మరి ఆ జొన్నలే బిస్కెట్లో పెడితే సరిపోతుంది కదా అనుకున్నాను. కేకుల మోజులో ఎప్పుడో కొన్న 25 లీటర్ల ఓవెన్ అటక మీద ఉంది. దింపి తుడిచాను.

మొదటి ఆదివారం వీడియోల్లో చూసిన మైదా కొలతలే తీసుకుని, మైదా బదులు జొన్నపిండి వేశాను. వెన్న, బెల్లం పొడి, చిటికెడు సోడా. ట్రేలో గుండ్రంగా అందంగానే ఉన్నాయి. చల్లారాక ఒకటి పట్టుకుంటే వేళ్ల మధ్య ఇసుకలా రాలిపోయింది. రెండోదీ అంతే. చిన్నోడు గిన్నెలో వేసుకుని పాలు పోసుకుని చెంచాతో తిన్నాడు. "మమ్మీ, ఇది బిస్కెట్ కాదు, బూస్ట్" అన్నాడు.

నేను చెప్పేది జీవశాస్త్రం. మైదాలో గ్లూటెన్ ఉంటుంది, తడి తగలగానే సాగి వలలా పట్టుకుంటుంది, జొన్నల్లో అది లేదు. పుస్తకంలో ఇదంతా చెప్పగలను. ట్రే ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు. గుడ్డు వేస్తే నిలబడతాయని పక్కింటి అక్క చెప్పింది. శనివారం గుడ్డు ముట్టని ఇల్లు మాది, డబ్బా ఏమో వారమంతా నడవాలి. కాబట్టి గుడ్డు లేదు. అరటిపండు మెదిపి కలిపాను. కొంత నయం. తీసి ప్లేట్లో పెట్టేదాకా నిలిచాయి, టిఫిన్ బాక్సులో బస్సు కుదుపులకు మళ్లీ పొడి. సోడా ఎక్కువ వేస్తే పొంగి పట్టుకుంటాయేమోనని ఇంకోసారి చెంచా నిండా వేశాను. నల్లబడి, సబ్బు నాకినట్టు అయ్యాయి. అవి ఇంట్లో ఎవరూ తినలేదు.

సజ్జపిండితో చేసిన రోజు ఇంకా ఘోరం. సంక్రాంతి రొట్టెలకని ఆడించిన పిండి డబ్బాలో మిగిలి ఉంటే మార్చిలో వాడాను. కమ్మటి వాసన రావాల్సిన చోట చేదు. సజ్జల్లో నూనె పాలు ఎక్కువ. గింజగా ఉంటే ఏమీ కాదు, పిండి ఆడించాక ఆ నూనె త్వరగా చెడిపోతుంది. అరకిలో బెల్లం, పావుకిలో నెయ్యి పెట్టి చేసిన సరుకు, మొత్తం పారేయాల్సి వచ్చింది. ఇప్పుడు గిర్నిలో ఏ పిండైనా కిలోకి మించి ఆడించను. సజ్జలైతే ముట్టుకోనే ముట్టుకోను.

అప్పుడు అమ్మ వచ్చింది, కంటి పరీక్షకి, మక్తల్ దగ్గర మా ఊరి నుంచి. వంటింట్లో నా నాలుగో ట్రే పొడి చూసి, చిటికెడు నోట్లో వేసుకుంది.

"ఎసరు పోసినవా?"

"బిస్కెట్లకు ఎసరేందమ్మా?"

"పిండి జొన్నదేనా, కాదా?"

"జొన్నదే."

"మరి ఎసరు పొయ్యకుంటే ఎట్ల నిలుస్తది బిడ్డా? చన్నీళ్లతోని నువ్వు ఎన్నడన్న రొట్టె కొట్టినవా?"

కొట్టలేదు. ఎవరూ కొట్టరు. మసిలే నీళ్లు పడితే పిండిలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బి జిగురవుతుంది. గ్లూటెన్ చేసే పని జొన్నపిండిలో ఆ జిగురు చేస్తుంది. పాలమూరులో పుట్టి, చిన్నప్పుడు అమ్మ ఎసరు పోసి కట్టెతో కలియబెడుతుంటే రోజూ పక్కనే కూర్చుని చూసిన నాకు, ఓవెన్ అనగానే అది వేరే దేశం అనిపించింది.

అయినా మొదటిసారి తెలివి చూపించబోయాను. బెల్లం ఎలాగూ కరిగించాలి కదా, ఆ వేడి బెల్లం నీళ్లే పిండిలో పోస్తే ఒక పని తప్పుతుందనుకున్నాను. జిగురు రాలేదు. బెల్లం నీళ్లను తనవైపు పట్టి ఉంచుతుంది, పిండికి సరిగ్గా అందనివ్వదు. వట్టి నీళ్లతో పిండి ఉడికాకే బెల్లం కలపాలి. ఇది చెబితే అమ్మకి ఆశ్చర్యమేమీ కలగలేదు. "తియ్యరొట్టెకు గూడ అంతేనాయె" అంది. ముందే చెప్పొచ్చు కదా అంటే, నువ్వు అడగలేదంది.

అలా కుదిరిన లెక్క ఇది. జొన్నపిండి 150 గ్రాములు. అందులో మూడో వంతు, అంటే 50 గ్రాములు విడిగా తీసి, 80 మిల్లీలీటర్ల మసిలే నీళ్లు పోసి చెంచాతో కలిపి మూత పెడతాను. పావుగంటలో గట్టి గంజిలా తయారవుతుంది. మొత్తం పిండికి ఎసరు పోయకూడదు, ఒకసారి పోస్తే బిస్కెట్లు కాదు, మందపాటి రొట్టెలు వచ్చాయి. మిగిలిన జొన్నపిండిలో 50 గ్రాముల తైదల పిండి, వేయించి బరకగా ఆడించిన గుప్పెడు అటుకులు. వీడియోల్లో అందరూ ఓట్స్ వేస్తారు, అటుకులు ఆ పని బాగానే చేస్తాయి, ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. పల్లీలు 80 గ్రాములు, దోరగా వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచినవి. మా బాబాయి బాదేపల్లి మార్కెట్ నుంచి సంచితో తెస్తాడు కాబట్టి పల్లీల దగ్గర నేను పిసినారితనం చూపించను. రెండు చెంచాల నువ్వులు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి.

గంజి గోరువెచ్చగా అయ్యాక 100 గ్రాముల బెల్లం తురుము, బాగా మాగిన అరటిపండు ఒకటి, 60 గ్రాముల నెయ్యి కలిపి, ఆ పొడి పిండిలో వేసి ముద్ద చేస్తాను. సోడా పావు చెంచా, చెంచాడు పుల్లటి పెరుగు ఆఖర్న. వేడి మీద వేస్తే సోడా గిన్నెలోనే పొంగి చల్లబడిపోతుంది, ఓవెన్‌లోకి వెళ్లేసరికి దానిలో ఏమీ మిగలదు. ముద్ద కొంచెం జారుగా ఉంటుంది, అరచేతికి నెయ్యి రాసుకుని నిమ్మకాయంత ఉండలు చేసి ఒత్తితే ఇరవై రెండు వరకు వస్తాయి.

కాల్చడంలోనూ దెబ్బ తిన్నాను. వీడియోల్లో 180 డిగ్రీలు అంటారు. బెల్లం త్వరగా మాడుతుంది, దానికి తోడు మా ఓవెన్ డయల్‌కి కాస్త అబద్ధాల అలవాటు ఉంది. అడుగులు బొగ్గయ్యాయి. ఇప్పుడు డయల్ 160 మీద పెట్టి, పది నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో ఇరవై నిమిషాలు. బయటికి తీసినప్పుడు వేలితో నొక్కితే మెత్తగా దిగబడతాయి. పచ్చిగా ఉన్నాయని భయపడి మళ్లీ లోపల పెట్టకండి. నేను పెట్టాను. చల్లారాక చిన్నోడు వాటిని గోలీల్లా నేలకేసి కొట్టి చూశాడు, ఒక్కటీ పగల్లేదు. పావుగంట ట్రేలోనే వదిలేస్తే అవే గట్టిపడతాయి.

ఓవెన్ లేకపోతే కుక్కర్‌లో ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, స్టాండు మీద ప్లేటు పెట్టి చేయొచ్చు. కరెంటు పోయిన ఒక ఆదివారం అలాగే చేశాను. రుచి అదే, రంగు మాత్రం పైన రాదు.

ఇంకో మాట. బెల్లం వేశాం కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. బెల్లమూ చక్కెరే. అమ్మకి షుగర్ ఉంది, ఆమెకి ఒకటి విరిచి సగమే ఇచ్చాను. పిల్లలకి రెండు బిస్కెట్లు, ఉడకబెట్టిన గుడ్డు లేదా గ్లాసు పాలు. శనివారం పాలే.

ఆదివారం రాత్రి చేసి డబ్బాలో పెడితే అరటిపండు తడి వల్ల రెండు రోజులే బయట ఉంటాయి. ఏప్రిల్, మే ఎండలకు అదీ కష్టం, మూడోనాడు మూత తీస్తే పులిసిన వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున లేవగానే బయట పెడుతున్నాను. ఒకసారి రస్కుల్లాగా రెండోసారి తక్కువ వేడి మీద ఆరబెట్టి చూశాను. నిల్వ ఉన్నాయి గానీ, మా అమ్మాయి పళ్లు నొప్పి అని పక్కన పెట్టింది.

అమ్మ ఊరికి వెళ్తూ ఆరు బిస్కెట్లు కాగితంలో చుట్టుకుని పోయింది, మా పెద్దమ్మకి చూపించడానికి. మూడు రోజుల తర్వాత ఫోన్ చేస్తే, "బాగున్నయంట. ఇంత నెయ్యి వోస్తే గడ్డి గూడ బాగుంటదంటున్నది" అని నవ్వింది.

ఇరవై రెండు బిస్కెట్లు, మా ఆయన రాత్రి పూట దొంగతనంగా తినేవి తీసేస్తే, బుధవారం దాకా వస్తాయి. గురువారం మళ్లీ ఉప్మా. అది ఇప్పటికీ ప్లేట్లలో ఆరిపోతూనే ఉంది.