అస్తూరియాస్ సాధన: మొదటి భాగం చేతికొచ్చింది

స్పెయిన్ స్వరకర్త ఇసాక్ అల్బేనిస్ రాసిన ‘అస్తూరియాస్’ని పియానో మీద సాధన చేస్తున్నాను. దాని మొదటి భాగం ఇప్పుడు మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 84 మీద, అంటే నిమిషానికి 84 దెబ్బల వేగంతో, నిలకడగా వస్తోంది. 60తో మొదలుపెట్టి, రెండు చేతులూ సమానంగా పలికాకే నాలుగేసి పెంచుకుంటూ వచ్చాను.

దీన్ని గిటార్ మీద విన్నవాళ్లే ఎక్కువ. కానీ 1890ల తొలినాళ్లలో ఇది పియానో కోసమే పుట్టింది. పేరు కూడా ఆయన పెట్టింది కాదు. 1909లో ఆయన పోయాక, పబ్లిషర్ దీన్ని ‘సూట్ ఎస్పాన్యోలా’ అనే ఆయన రచనల సంపుటిలో చేర్చి ఆ పేరు పెట్టారు. అస్తూరియాస్ స్పెయిన్‌కి ఉత్తరాన ఉన్న పచ్చటి కొండల సీమ. ఈ సంగీతమేమో పూర్తిగా దక్షిణాన ఉన్న ఆందలూసియాది, అక్కడి గిటార్, పాట, నాట్యాల సంప్రదాయమైన ఫ్లమెంకోది. అందుకే కొండలూ లోయలూ ఊహించుకోకుండా గిటార్‌నే చెవిలో పెట్టుకుని వాయించాలి.

ఎడమ చేతిది పాట. దాని మధ్యలో కుడి చేయి ‘డి’ స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటుతుంది. ఆ డి తంబూరా శ్రుతిలా వెనక ఉండాలి, పాట మీదికి రాకూడదు. ముందు ఎడమ చేతి పాటని విడిగా, గొంతుతో పాడుకుంటూ వాయించాను. తర్వాత కుడి చూపుడువేలు కీని వదలకుండా, కీ పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ నొక్కడం అలవాటు చేశాను. మణికట్టు బిగిస్తే రెండో పేజీకే చేయి లాగేస్తుంది. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ ఇక్కడ ముట్టుకోను, గిటార్ మీటు పొడిగా వినిపించాలి.

గట్టిగా వచ్చే పెద్ద కార్డులే (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) అసలు టెన్షన్. చేయి ఎగిరి కార్డు మీద వాలి, వెంటనే పాత చోటికి తిరిగి రావాలి. కీలు నొక్కకుండా, వేళ్లు ఆనించి ఆగిపోతూ ఆ గెంతు ఒక్కటే సాధన చేస్తున్నాను.

నెమ్మదిగా సాగే మధ్య భాగం నాకు ప్రాణం. రెండు చేతులూ ఒకే పాటని రెండు ఆక్టేవ్‌ల (స్థాయిల) దూరంలో పాడతాయి. ఈ రచనలో డి మీద వాలే ఆ ఆందలూసియన్ స్వరాలని, డినే షడ్జమం అనుకుని వరసగా పలికించి చూడండి, మన కర్ణాటక సంగీతంలోని వకుళాభరణం రాగం స్వరాలే వస్తాయి. ఆ భాగంలో మెట్రోనోమ్ ఆపేస్తాను. స్పెయిన్ పియానిస్టు అలీసియా దె లరోచా రికార్డింగ్ పెట్టుకుని, ప్రతి వాక్యం చివర ఆవిడ ఎంతసేపు ఆగుతున్నారో వింటున్నాను.

కార్డులు 72 మీద కుదిరాక, మొదటి భాగంతో కలిపి వాయిస్తాను.