నిషాదం దగ్గర ఆగిన పాట

మన వైద్య కళాశాల బ్యాచి కలయిక సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోను వచ్చాక రాస్తున్నాను. "రాజకీయం, వైద్యం, సంగీతం, ప్రయాణం, నీ ఇష్టం. రెండు పేజీలు మించకూడదు" అన్నారు. అనాటమీ రికార్డు మొత్తం ఒక్క రాత్రిలో ముగించిన మన కార్యదర్శికి రెండు పేజీలు చాలా ఎక్కువగానే కనిపిస్తాయి. గొడుగు సంగతి ఎత్తవద్దని మాట తీసుకున్నారు కాబట్టి ఎత్తడం లేదు.

మానసిక వైద్య విభాగంలో మనకు వేసిన పోస్టింగు రెండు వారాలు. మన బ్యాచి దాన్ని సెలవుల కింద జమకట్టింది. మధ్యాహ్నం ఆటకు ఎవరెవరు వెళ్ళారో నేను చెప్పను. అక్కడ మనకు పాఠం చెప్పిన వాచీ సారు దగ్గర మిగిలింది నేనూ, నిద్రకు చల్లని గది వెతుక్కుంటూ వచ్చిన ఇంకొకరూ. ఆ ఇంకొకరు ఇప్పుడు పేరు మోసిన సర్జన్.

సారు నన్ను ఒక రోగి పక్కన కూర్చోబెట్టి, "గంటసేపు ఏమీ అడగకు" అని వెళ్ళిపోయారు. ఆ రోగి మాట్లాడడం మానేసి నెలలైందట. కూనిరాగం మాత్రం ఆపడు. పైకి పైకి వెళ్ళి నిషాదం, అంటే 'ని' స్వరం, దగ్గర ఆగిపోతాడు. మళ్ళీ మొదటికి వస్తాడు. షడ్జం, అంటే పై 'సా', ఒక్క మెట్టు పైన ఉంటుంది, ఎక్కడు. పదిహేనోసారికి నా ప్రాణం ఉగ్గబట్టలేకపోయింది. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు వర్ణాలు ఊరుకుంటాయా? ఆయన ఆగిన చోట "సా" అని అందుకున్నాను. తల తిప్పి నన్ను చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు ఇక నోరు విప్పలేదు.

నెలల తర్వాత ఆయన ఒక మనిషిని చూశాడు, చూపించింది నేను! సారు గదికి పరుగెత్తాను. సారు వాచీ చూసుకున్నారు. "నలభై నిమిషాలే అయింది" అన్నారు. తర్వాత, "ఆ షడ్జం ఎవరికి కావలసి వచ్చింది? ఆయనకా, నీకా?" అని అడిగారు. జవాబు లేక నిలబడ్డాను. "వెళ్ళి మిగతా ఇరవై నిమిషాలూ కూర్చో" అన్నారు. సర్జరీ చదవాలనుకున్నవాణ్ణి మానసిక వైద్యం వైపు వచ్చింది ఆ ఇరవై నిమిషాల వల్లే.

ఆ తర్వాత పన్నెండేళ్లు పీజీ, ఉద్యోగం, బదిలీలు. వాటిని వదిలేస్తున్నాను.

నలుగురు చేరిన చోటల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: ఫలానా నాయకుడికి ఏ మానసిక జబ్బు? ప్రతిపక్షం వారి గురించే అడుగుతారు, ఎవరి ప్రతిపక్షం వారికి. అమెరికాలో 1964 ఎన్నికలప్పుడు ఒక పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి తగినవాడేనా అని అడిగింది. 2,417 మంది బదులిచ్చారు. 1,189 మంది తగడన్నారు. వారిలో ఆయనను పరీక్షించినవారు లేరు. ఆయన దావా వేసి గెలిచాడు. స్వయంగా పరీక్షించకుండా, అనుమతి లేకుండా అభిప్రాయం చెప్పకూడదని 1973లో అక్కడి మానసిక వైద్యుల సంఘం నియమం పెట్టింది. ఓటు వేసేటప్పుడు నాకూ కోపం వస్తుంది. దానికి జబ్బు పేరు పెట్టుకుంటే నా కోపానికి తెల్లకోటు తొడిగినట్టే.

ఉన్మాదానికి వాడే లిథియం మందు గురించి పాఠం చెప్పినప్పుడల్లా, అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ కనిపెట్టిన వైనంతో ఆపను. మొదట బాగుపడిన రోగి తర్వాత ఆ మందు విషప్రభావంతోనే చనిపోయిన సంగతీ చెబుతాను. రక్తపరీక్ష చేయించకుండా మోతాదు పెంచినవారిని లేపి నిలబెడతాను. అందుకు పిల్లలు నాకు పెట్టిన పేరు నాకు తెలియదనుకుంటున్నారు. వారిలో ఆరుగురు ఇప్పుడు ప్రొఫెసర్లు. ఇది గొప్ప కోసం రాయడం లేదు, కమిటీ 'సాధించినవి' అనే గడి ఇచ్చింది.

పదవీ విరమణ తర్వాత బెల్జియంలోని గీల్ అనే ఊరు చూసి వచ్చాను. మతి చెదిరినవారిని అక్కడి కుటుంబాలు కొన్ని వందల ఏళ్లుగా తమ ఇళ్లలో ఉంచుకుంటున్నాయి. 1930ల చివర అలా ఉన్నవారు 3,700 మంది పైచిలుకు. వచ్చిన మనిషి జబ్బు పేరేమిటో ఇంటివారికి చెప్పకపోవడం అక్కడి ఆనవాయితీ. వాచీ సారుకు ఉత్తరం రాద్దామని కలం తీశాక గుర్తొచ్చింది, ఆయన పోయి అప్పటికి రెండేళ్లు.

కార్యక్రమంలో నా పాటకు అయిదు నిమిషాలు కేటాయించారట. శ్రుతిపెట్టె నేనే తెచ్చుకుంటాను. మైకు మాత్రం గొడుగు మనిషి చేతికి ఇవ్వకండి.