చేతిలో ఏమీ లేనప్పుడు ఏ క్లాస్ నిలబడుతుంది

డయాబ్లో 2 అనే కంప్యూటర్ ఆటలో ఏ క్లాస్ (ఆడేవారు ఎంచుకునే పాత్ర రకం) గొప్పదని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేముందు నేను ఒక మాట అడుగుతాను: మీ స్టాష్‌లో, అంటే సామాను దాచుకునే పెట్టెలో, ఏమేం ఉన్నాయి? జా, ఇథ్, బెర్ అనే మూడు రూన్లను (మంత్రాక్షరాల రాళ్లను) మూడు సాకెట్ల (రంధ్రాల) కవచంలో వరుసగా పొదిగి ఎనిగ్మా అనే కవచం చేసుకోగలిగినవారికి ఏ క్లాస్ చేతైనా టెలిపోర్ట్ (క్షణంలో మరో చోటికి దూకడం) చేయించే వీలుంటుంది. ఆ దశలో పెట్టే పోలిక సామానుకూ సామానుకూ మధ్య పోలికే తప్ప క్లాసుకూ క్లాసుకూ మధ్య పోలిక కాదు. నా దృష్టిలో అసలు పోలిక లాడర్ సీజన్ (అందరూ కొత్త పాత్రలతో మొదటి నుంచి ఆడే పోటీ విడత) మొదలైన రాత్రి నుంచి ఓ పది రోజుల లోపల జరగాలి. అప్పుడు అందరి స్టాషూ ఖాళీగానే ఉంటుంది, అందరూ ఆట మొదలయ్యే రోగ్ ఎన్‌క్యాంప్‌మెంట్ శిబిరంలో ఒకటో స్థాయితోనే నిలబడి ఉంటారు, ఏ క్లాస్ తన సొంత బలంతో ఎంత దూరం నడవగలదో అప్పుడే తేటతెల్లమవుతుంది.

మేం ముగ్గురం ఆడతాం. నేను నల్లగొండలో, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూసే మా బామ్మర్ది, జడ్చర్లలో మందుల షాపు నడిపే నా డిగ్రీ స్నేహితుడు. ముగ్గురికీ కలిసి దొరికేది రాత్రి 9:30 నుంచి 11:30 వరకే. ఇరవయ్యేళ్ల కిందట గడియారం సెంటర్ దగ్గరి నెట్ సెంటర్‌లో పక్కపక్క కంప్యూటర్ల మీద ఆడిన ఆటనే, 2021 సెప్టెంబర్‌లో రిసరెక్టెడ్ పేరుతో కొత్త బొమ్మలతో వచ్చిన తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. కాబట్టి నేను చెప్పే లెక్క రోజుకు పన్నెండు గంటలు ఆడేవారిది కాదు, రెండు గంటలు ఆడేవారిది. ఆ తేడా ఈ పోలికలో చాలా పెద్దది.

2000లో వచ్చిన మూల ఆటలో అమెజాన్, బార్బేరియన్, నెక్రోమాన్సర్, పాలడిన్, సోర్సరెస్ ఉండేవి. 2001 నాటి లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే అదనపు భాగంతో అసాసిన్, డ్రూయిడ్ చేరాయి. స్థాయి పెరిగిన ప్రతిసారీ అన్ని క్లాసులకూ ఐదు స్టాట్ పాయింట్లు, ఒక స్కిల్ పాయింట్ సమానంగానే వస్తాయి. అయితే ఆ పాయింటు విలువ సమానం కాదు. వైటాలిటీ అనే స్టాట్‌లో ఒక పాయింటు వేస్తే బార్బేరియన్‌కు 4 లైఫ్ (ప్రాణబలం), అమెజాన్‌కూ అసాసిన్‌కూ పాలడిన్‌కూ 3, మిగిలిన మూడింటికీ 2 మాత్రమే పెరుగుతుంది. 300 పాయింట్లు వేసిన చోట బార్బేరియన్ 1200 లైఫ్ కూడబెడితే సోర్సరెస్‌కు దక్కేది 600. దీనికి తోడు నార్మల్, నైట్‌మేర్ తర్వాత వచ్చే అతి కష్టమైన స్థాయి హెల్‌లో అడుగుపెట్టగానే రెసిస్టెన్సులన్నీ (నిప్పు, మంచు, మెరుపు, విషం దెబ్బలను తట్టుకునే శాతాలు) 100 తగ్గిపోతాయి. గరిష్ఠ పరిమితి 75 కాబట్టి అక్కడికి చేరాలంటే మొత్తం 175 కావాలి. ఐదో అంకంలో ఆన్యా అనే బందీని మూడు కష్టస్థాయిల్లోనూ విడిపిస్తే 30 వస్తుంది, మిగతా 145 సామాన్లలోంచే తెచ్చుకోవాలి. సామాన్లే లేని తొలి పది రోజుల్లో అది ఎలా వస్తుంది? రాదు. అందుకే దెబ్బను తట్టుకునే క్లాస్ ఏది అన్నదానికంటే, దెబ్బ తన దాకా రాకుండా చూసుకునే క్లాస్ ఏది అన్న ప్రశ్న నాకు ముఖ్యం.

సీజన్ మొదట్లో ఎక్కువమంది సోర్సరెస్‌ను ఎంచుకోవడానికి కారణం పద్దెనిమిదో స్థాయిలో వచ్చే టెలిపోర్ట్. మిగతావారు మెట్లు వెతుక్కుంటూ గోడల వెంట తిరిగే చోట ఆమె ఆ గోడల మీదుగానే దాటిపోతుంది. డ్యూరెన్స్ ఆఫ్ హేట్ రెండో అంతస్తును నేను నడిచి దాటడానికి పావుగంట పడితే, మా బామ్మర్ది సోర్సరెస్ రెండు నిమిషాల్లో మెఫిస్టో అనే పెద్ద రాక్షసుడి గుమ్మం దగ్గర పోర్టల్ (మాయాద్వారం) తెరిచేది. స్టాటిక్ ఫీల్డ్ కూడా సామాన్ల అవసరం లేని స్కిల్. ఎదుటివాడికి అప్పుడున్న లైఫ్‌లో పావు వంతును కోస్తుంది. నార్మల్‌లో దానికి అడ్డు లేదు, నైట్‌మేర్‌లో 33 శాతం దగ్గర, హెల్‌లో 50 శాతం దగ్గర ఆగిపోతుంది. వేగమే కొలమానమైతే సోర్సరెస్‌కు సాటి లేదని నేను నిస్సంకోచంగా ఒప్పుకుంటాను.

అయితే ఆ వేగం మంచి కనెక్షన్ మీద ఆధారపడినది. ఆసియా రీజియన్ ఎంచుకున్నా, జోరుగా వాన పడే రాత్రుల్లో మా లైన్ తడబడుతుంది. టెలిపోర్ట్ నొక్కిన తర్వాత తెర మీద పాత చోటే కనబడుతూ, సర్వర్ లెక్కలో మాత్రం పాత్ర అప్పటికే కొత్త గుంపు నడుమ నిలబడి ఉంటుంది. పోయిన సీజన్‌లో హెల్ కష్టస్థాయిలోని వరల్డ్‌స్టోన్ కీప్ అనే కోటలో సరిగ్గా అదే జరిగింది. మా వాడు దూకిన గది బర్నింగ్ సోల్స్ అనే దెయ్యాలతో నిండి ఉంది. వాటి మెరుపు నాలుగు దిక్కుల నుంచి ఒకేసారి తగిలింది. అతని తెర కదిలేసరికి సోర్సరెస్ నేల మీద పడి ఉంది. హెల్‌లో చావు అంటే ఆ స్థాయి దాటడానికి కావలసిన అనుభవంలో 10 శాతం కోత. శవం దగ్గరికి తిరిగి చేరితే అందులో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది గానీ, ఆ సోల్స్ నడుమ పడి ఉన్న శవం దగ్గరికి చేరడమెలా? ఆ రాత్రి మాకు మిగిలిన నలభై నిమిషాలూ దానికే పోయాయి.

నేను నెక్రోమాన్సర్ పక్షాన మాట్లాడేది ఇందుకే. అస్థిపంజరాలను లేపే నెక్రోమాన్సర్‌కు మంచి ఆయుధం అక్కర్లేదు, మంచి కవచం లేకపోయినా నడుస్తుంది. దెబ్బ ముందుగా వాటికి తగులుతుంది, తర్వాత గోలెం అనే మరో సేవకుడికి, ఆ తర్వాతే అతనికి. లైన్ రెండు క్షణాలు ఆగిపోయినా వాటి పోరాటం సర్వర్‌లో సాగుతూనే ఉంటుంది. మొదటి స్థాయిలోనే దొరికే ఆంప్లిఫై డ్యామేజ్ శాపం శత్రువు ఫిజికల్ రెసిస్టెన్స్‌ను 100 తగ్గిస్తుంది. అంటే ఆ రెసిస్టెన్స్ అసలే లేనివాడికి ప్రతి కత్తి దెబ్బా రెట్టింపవుతుంది. ఇది మా పార్టీలో అందరి దెబ్బలకూ వర్తిస్తుంది. ఇక ఆరో స్థాయి నుంచి అందుబాటులోకి వచ్చే కార్ప్స్ ఎక్స్‌ప్లోజన్ సంగతి చెప్పాలి. దాని నష్టం నెక్రోమాన్సర్ ఆయుధం నుంచి రాదు, పేలే శవానికి బతికుండగా ఎంత లైఫ్ ఉండేదో అందులోంచి వస్తుంది, సగం ఫిజికల్, సగం ఫైర్. శత్రువు ఎంత బలవంతుడైతే అతని శవం అంత బలంగా పేలుతుంది. చేతిలో ఏమీ లేనివాడికి ఇంతకంటే న్యాయమైన స్కిల్ ఈ ఆటలో నాకు కనబడలేదు.

కష్టమంతా మొదటి శవం దగ్గరే. మా బామ్మర్ది పాపం తొందరపడుతుంటే నేను అనే మాట ఒకటే: “జర ఆగు, ఒక్క శవం పడనీ.” ఆ ఒక్కటి పడిందంటే రెండోది, నాలుగోది, ఎనిమిదోది గొలుసుకట్టుగా పేలిపోతాయి. అంతదాకా తలుపు గడపలో అస్థిపంజరాలను నిలిపి కాచుకోవాలి. శవాలు దొరకని చోట అతని బలహీనత కూడా దాచలేనిది. రెండో అంకం చివర డ్యూరియల్ అనే పెద్ద రాక్షసుడి గది చాలా చిన్నది. ఎవరూ పడరు, డ్యూరియల్ ఒక్కడే ఉంటాడు, అస్థిపంజరాలు ఒకటొకటిగా విరిగిపోతాయి. మాగట్ లెయిర్ సొరంగాలు అంతకంటే ఇరుకు. నా సైన్యమంతా ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టి నిలబడితే ముందున్న ఒకటీ రెండూ మాత్రమే పోరాడతాయి. “బావా, నీ బొక్కలోళ్లు తొవ్వ ఇస్తలేరు” అని మా వాడు అక్కడ ప్రతి సీజన్ మొత్తుకుంటాడు. అదే సొరంగంలో అతని సోర్సరెస్ లైట్నింగ్ వదిలితే అది వరుసగా నిలబడ్డవాటన్నిటినీ దూసుకుపోతుంది. ఆ అరగంట ఆమెదే పైచేయి అని నేను ఒప్పుకోక తప్పదు.

జడ్చర్ల మిత్రుడిది పాలడిన్. అతను విసిరే బ్లెస్డ్ హామర్ అనే సుత్తి నష్టం మ్యాజిక్ రకానిది. హెల్‌లో నిప్పుకో మంచుకో మెరుపుకో లొంగని జీవులు అడుగడుగునా ఉంటాయి గానీ, మ్యాజిక్‌కు లొంగనివి చాలా తక్కువ. పైగా సోర్సరెస్ కంటే ఒక్కో వైటాలిటీ పాయింటుకు ఎక్కువ లైఫ్, చేతిలో డాలు. టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్ అనే చిన్న రూన్లతో అయ్యే స్పిరిట్‌ను కత్తిలోనూ డాలులోనూ పెట్టుకుంటే అన్ని స్కిళ్లూ నాలుగు స్థాయిలు పెరుగుతాయి. అయితే సుత్తి నేరుగా పోదు, పాలడిన్ చుట్టూ సుడి తిరుగుతూ బయటికి పోతుంది. గోడ తగిలితే మాయమవుతుంది. ఎక్కడ నిలబడితే అది శత్రువు మీదుగా పోతుందో కంటికి అలవాటు కావడానికి మా మిత్రుడికి రెండు వారాలు పట్టింది. సామాను, నైపుణ్యం, భద్రత మూడింటినీ కలిపి తూచితే పది రోజుల తర్వాత అతనే మా ముగ్గురిలో ముందుంటాడు. పది రోజుల లోపల నేను ముందుంటాను. ఇది మూడు సీజన్లుగా చూసి చెబుతున్న మాట.

బార్బేరియన్ గురించి చాలామంది పొరపాటు పడతారు. అంత లైఫ్ ఉన్నవాడు మొదట్లో సులభంగా నెట్టుకొస్తాడని అనుకుంటారు. అతని దెబ్బ పూర్తిగా ఆయుధాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మంచి ఆయుధం దొరకనంతకాలం అతను అందరికంటే పేదవాడు. ఒంటరిగా ఆడేవారికి సీజన్ మొదట్లో నేను బార్బేరియన్‌ను చెప్పను. పార్టీలో మాత్రం లెక్క వేరు. ఇరవై నాలుగో స్థాయిలో వచ్చే బాటిల్ ఆర్డర్స్ అనే కేక ఒక్క పాయింటుతోనే పార్టీలో అందరి లైఫ్‌నూ 35 శాతం పెంచుతుంది. ఆ స్కిల్‌నే ఇరవయ్యో స్థాయికి చేర్చితే 92 శాతం. గేమ్‌లోకి వచ్చే ఒక్కో అదనపు ఆటగాడికీ శత్రువుల లైఫ్ సగం చొప్పున పెరుగుతుందని గుర్తుంచుకుంటే, ఆ కేకకు ఉన్న విలువ అర్థమవుతుంది. ఫైండ్ ఐటమ్‌తో శవాల్లోంచి సామాను తీయడం కూడా అతనికే వచ్చు. నాకు శవం ఆయుధం, అతనికి శవం సంచి. ఒకే శవం మీద ఇద్దరం పడకుండా మాట్లాడుకోవాలి.

అమెజాన్ లైట్నింగ్ ఫ్యూరీతో ఆవుల గుంపులు దాడిచేసే రహస్య లెవెల్‌ను ఊడ్చేస్తుంది, మెరుపుకు లొంగనివి ఎదురైతే తడబడుతుంది. 2022లో వచ్చిన సండర్ చార్మ్‌లు అనే తాయెత్తులు ఆ ఇబ్బందిని తగ్గించాయి గానీ అవి తొలి పది రోజుల్లో దొరికేవి కావు. అసాసిన్ ట్రాపులు పెట్టి పక్కకు తప్పుకుంటుంది. దెబ్బ దగ్గరికి రానీయని నా కొలమానంలో ఆమెకు మంచి చోటే ఉంది. డ్రూయిడ్‌ను నేను హెల్ దాకా తీసుకుపోలేదు కాబట్టి తీర్పు చెప్పను.

ఈ సీజన్‌కు మేం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను నెక్రోమాన్సర్, మిత్రుడు పాలడిన్, బామ్మర్ది నైట్‌మేర్ మెఫిస్టో దాకా సోర్సరెస్‌తో సామాను కూడబెట్టి, తర్వాత కొత్తగా బార్బేరియన్‌ను మొదలుపెట్టాలి. మొన్న శనివారం రాత్రి 11 దాటాక అతని బార్బేరియన్ ఇరవై నాలుగో స్థాయికి వచ్చాడు. ఐదో అంకపు ఊరు హారోగాత్ మెట్ల దగ్గర మమ్మల్నిద్దరినీ నిలబెట్టి మొదటిసారి బాటిల్ ఆర్డర్స్ కేక వేశాడు. నా నెక్రోమాన్సర్ లైఫ్ 412 నుంచి 556కు పెరిగింది. మేం ముగ్గురం మరో మాట లేకుండా వరల్డ్‌స్టోన్ కీప్‌కు చేర్చే వేపాయింట్ నొక్కాం.